ఏదో నొక్కేసి ఉంటావు

మా అమ్మ ఫోనుకు ఆ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. ఇంట్లో వైఫై ఉన్నట్టే ఉండి, మాట్లాడుతూ ఉండగానే తెగిపోయేది. అమ్మ ఉండేది రాజమండ్రిలో, నేనుండేది హైదరాబాదులో. రాత్రి భోజనాలయ్యాక మనవరాలు పద్యం అప్పజెబుతుంటే సరిగ్గా మూడో పాదం దగ్గర తెర బిగుసుకుపోయేది. కాసేపటికి మామూలు కాల్ చేసి "మళ్ళీ పోయిందిరా" అనేది అమ్మ. "ఏదో నొక్కేసి ఉంటావు" అనేవాణ్ణి నేను.

ఈ టపా ఆ నా మాట గురించే.

ఈ మాట అనని కొడుకులూ కూతుళ్ళూ మనలో తక్కువ. విచారణ లేకుండా చెప్పే తీర్పు ఇది. వస్తువు చెడితే దోషం వాడేవారిదే, అందులోనూ వయసు మళ్ళినవారైతే సాక్ష్యం కూడా అక్కరలేదు! తీర్పు అయ్యాక ఇక శిక్షలు. రౌటరు ఆపి పెట్టమన్నాను. పెట్టింది. 'ఫర్‌గెట్' నొక్కి మళ్ళీ కలపమన్నాను. "ఏం మర్చిపోవాలి నాన్నా?" అని అడిగింది. విసుక్కున్నాను. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. చివరికొక ఆదివారం ఫోనులోనే ఒక్కొక్క మెట్టూ చెబుతూ ఫ్యాక్టరీ రీసెట్ చేయించాను. ఫోను కొత్తదానిలా తయారయింది. ఆ సాయంత్రమే వైఫై మళ్ళీ తెగింది.

శ్రావణమాసంలో ఇంటికి వెళ్ళినప్పుడు, "పెద్దమ్మ హారతి పాటలు పెట్టమ్మా" అన్నాను. మా పెద్దమ్మ 2021లో పోయింది. అంతకు ముందు ఒక పండగకు వచ్చినప్పుడు ఆవిడ పాడిన మంగళహారతులు అమ్మ తన ఫోనులోనే రికార్డు చేసుకుంది. "అవి పోయాయిగా నాన్నా, నువ్వు చెరిపెయ్యమన్నప్పుడు" అంది అమ్మ, మామూలుగానే. వాటికి మరో ప్రతి ఎక్కడా లేదు. బ్యాకప్ ఉందా అని అడగవలసినవాణ్ణి నేను. అడగలేదు.

ఆ రోజు మొదటిసారిగా, అమ్మ పక్కన కూర్చుని ఏం జరుగుతోందో చెప్పమన్నాను. "ఎప్పుడూ చెప్పేదేగా! హాల్లో బాగానే ఉంటుంది. పడగ్గదిలో మంచం మీద కూర్చుంటేనే పోతుంది. దీపాలు పెట్టే వేళ దాటితే మరీను" అంది. నిజమే, మొదటి రోజు నుంచీ ఇదే చెప్పింది. నేను చాదస్తం అనుకున్నాను. కానీ ఆ మూడు ముక్కల్లో రోగం, దాని కారణం రెండూ ఉన్నాయి.

మా రౌటరు రెండు పౌనఃపున్యాల మీద పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది వేగం తక్కువ, దూరం పోతుంది. రెంటికీ ఒకే పేరు పెట్టి ఉంది. అమ్మ హాల్లో ఉండగా ఫోను 5ను పట్టుకునేది. పడగ్గదిలోకి వెళ్ళాక కూడా ఆ సన్నని దారాన్నే పట్టుకు వేలాడి, తెగాక గానీ రెండోదాన్ని వెతుక్కునేది కాదు. మాది పాత ఇల్లు, గోడలు మందం. పైగా మధ్యలో నిలువుటద్దం బిగించిన ఇనప బీరువా. రేడియో తరంగాలకు ఇనుము అడ్డుగోడే. ఇక దీపాల వేళ సంగతి: ఎదుటి అపార్టుమెంటువాళ్ళంతా ఇళ్ళకు చేరే సమయమది. 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోని చానెళ్ళు మూడే, 1, 6, 11. మా రౌటరు, చుట్టుపక్కల ఇళ్ళవి చాలావరకూ ఒకే చానెలులో కిక్కిరిసి ఉన్నాయి.

టీవీ వెనక దాక్కున్న రౌటరును గుమ్మం పైనున్న బల్ల మీదకు మార్చాను. ఒక రోజు ఆగి చూశాను. ముప్పాతిక రోగం కుదిరింది. మర్నాడు రెండు పౌనఃపున్యాలకూ వేర్వేరు పేర్లు పెట్టి అమ్మ ఫోనును 2.4కు కలిపాను. ఆ తర్వాతి రోజు చానెలు మార్చాను. సాయంత్రపు బాధ కూడా తీరింది. అన్నీ ఒకేసారి మార్చి ఉంటే ఏ మందు పనిచేసిందో తెలిసేది కాదు.

రీసెట్ దండగ అని నేననడం లేదు. రౌటరును ఒకసారి ఆపి పెడితే చాలా చిక్కులు నిజంగానే విడిపోతాయి. నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రమే రీసెట్ చేస్తే పోయేవి వైఫై సంకేతపదాలు, బ్లూటూత్ జతలు లాంటివే, పాటలూ ఫొటోలూ పోవు. కానీ ఫ్యాక్టరీ రీసెట్ వేరు. దాన్ని మనం మందుగా భావిస్తున్నాం గానీ, తరచుగా అది అవతలివాళ్ళు చెప్పేది వినే ఓపిక లేనప్పుడు సంభాషణ ముగించే పద్ధతి. దాని ఖరీదు సలహా ఇచ్చేవాడికి తెలియదు, ఎందుకంటే పోయేవి అతనివి కావు.

అందుకని నాబోటి సలహాదారులకు నా మనవి. ఇంట్లో మిగతా ఫోన్లకూ పోతోందా, దీనికేనా? వైఫై గుర్తే మాయమవుతోందా, గుర్తుండి పక్కన ఆశ్చర్యార్థకం వస్తోందా? ఏ గదిలో? ఏ వేళప్పుడు? ముందు ఈ నాలుగూ అడగండి. గుర్తే మాయమైతే చిక్కు ఫోనుకూ రౌటరుకూ మధ్య. గుర్తుండి అంతర్జాలం రాకపోతే చాలావరకు రౌటరుకు అవతల. ఈ తేడా తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. మా అమ్మ ఇప్పుడు పక్కింటావిడకు కూడా చెబుతోంది.

మొన్న అమ్మ తనకు వచ్చిన హారతులు పాడి రికార్డు చేయించింది. వాటిని రెండు చోట్ల దాచాను. రెండు పాటలు పూర్తిగా వచ్చాయి. మూడోది రెండో చరణం దగ్గర ఆగిపోయింది. ఆ చరణం పెద్దమ్మకే వచ్చు.