పాటలో రొద, ప్లగ్గులో పచ్చతీగ

కోరుట్ల నుండి ఒక సోదరి యీ నెల మాకొక ప్రశ్న పంపినది. ఆమె భర్త దుబాయిలో పని చేయుచు, సెలవుమీద వచ్చినప్పుడు ఒక హోమ్ థియేటరు తెచ్చెనట. ఐదు చిన్న స్పీకర్లు, నేలమీద నుంచు పెద్ద సబ్‌వూఫరు, అన్నిటిని నడపు ఆంప్లిఫయరు. మొదట బాగుగనే పాడినది. కేబుల్ కలిగిన టీవీకి దానిని కలిపిన నాటి నుండి మాత్రము, పాట యారంభము కాకమునుపే, సినిమాలో మాటలు నిలిచిన చోట్లనెల్ల, గుయ్యని యెడతెగని రొద వినవచ్చుచున్నదట. పిలువగా వచ్చిన పనివాడు ప్లగ్గు విప్పి, అందలి పచ్చతీగను విడదీసి పోయెను. రొద యాగినది. ఇట్లే యుంచవచ్చునా యని యామె యడుగుచున్నది.

ఉంచరాదు. ఈ మాట ముందు చెప్పి, కారణములను తరువాత విన్నవింతుము. ఆ తీగను మరల బిగించువరకు ఆ యంత్రమును ప్లగ్గు నుండి తీసి యుంచవలెను.

ఈ ప్రశ్న యొక్క యింటిది గాదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి పురుషులు గల్ఫు దేశములకు పోవుట 1970 తరువాతి దశకములలో హెచ్చి నేటికిని సాగుచున్నది. ఇంట నిలిచినవారు స్త్రీలు. కరెంటు బిల్లు కట్టుట మొదలు పనివానిని పిలిచి పని చేయించుకొనుట వరకు సమస్తము వారి మీదనే. బీడీలు చుట్టుచు గంటలకొలది కూర్చుండు చేతులకు పని యున్నను చెవులకు లేదు గనుక, పాటయో సీరియలో ప్రక్కన నడచుచుండుట మనమెరిగినదే. అట్టి యింట ఈ రొద చిన్న బాధ గాదు. పనివాడు తనకు తోచిన భాషలో నాలుగు మాటలు చెప్పి "ఏమీ కాదమ్మా" యని పోయిన తరువాత, దాని ఫలితమును భరించువారును మనమే. కావున ఈ రొద యెక్కడ పుట్టునో తెలిసికొనుట మేలు.

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టుల బలము గలది. అది ఏటిలోని నీటివలె ఒకే దిక్కున పారదు. సెకనునకు 50 మారులు ముందునకును వెనుకకును ఊగులాడును. ఆ ఊపు ఏదో యొక దారిని పాటతీగలో జొరబడెనా, ఆంప్లిఫయరు దానినిగూడ పాటయనుకొని పెద్దది చేసి సబ్‌వూఫరుచేత పాడించును. అదియే మనము వినెడు రొద. సంగీతము నేర్చిన సోదరీమణులు దీనిలో రెండు తెగలను సులభముగా గుర్తింపగలరు. అతి మంద్రమై, నున్ననై, ఛాతీకి తగులునట్లుండునది 50 ఊపుల రొద. దానికి సరిగా ఒక స్థాయి పైన, కొంచెము గరగరలాడుచు వినబడునది 100 ఊపులది. మొదటిది తరచుగా వెలుపలి నుండి తీగల ద్వారా వచ్చును. రెండవది తరచుగా యంత్రములోపల, ఊగులాడు విద్యుత్తును ఏకముఖముగా మార్చు భాగము చెడుటచే పుట్టును.

టీవీకి కలిపిన పిమ్మటనే రొద మొదలైనదని మన సోదరి వ్రాసినది గదా. ఈ ఒక్క మాటయే సగము రోగమును చెప్పివేసినది. మన ప్రాంతపు గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. రెండు చెరువుల నడుమ కాలువ యున్నది. రెంటను నీటిమట్టము సమానమైనచో కాలువలో నీరు కదలదు; ఒకదానిలో జానెడెక్కువ యున్నను నీరు పారును. ఇక్కడ మొదటి చెరువు మన యింటి ఎర్తు. ఆంప్లిఫయరు మూడుపుల్లల ప్లగ్గు ద్వారా దానిని అంటియున్నది. రెండవది కేబుల్ తీగ పైతొడుగు. అది వీధిలో మరియొక చోట భూమిని అంటి వచ్చినది. భూమి యంతయు నొకటే యని మనమనుకొందుము గాని, ఈ రెండు తావుల నడుమ ఎప్పుడును కొద్దిపాటి వోల్టుల భేదముండును. టీవీని ఆంప్లిఫయరునకు కలుపు తీగ యొక్క పైతొడుగు ఆ రెంటికి నడుమ కాలువ యైనది. దానిలో 50 ఊపుల విద్యుత్తు పారుచు పాటలో కలియుచున్నది. ఈ చుట్టును పనివారు గ్రౌండు లూపు అందురు.

పచ్చతీగను విప్పగా కాలువ తెగినది, రొద నిలిచినది. పనివాని మాట అంతవరకు నిజమే. ఇంటిలో పాము దూరినదని దీపమార్పి, ఇక పాము కనబడుట లేదని సంతోషించినట్లున్నది ఆ చికిత్స.

ఆ తీగ యుండుట పాట కొరకు గాదు, ప్రాణము కొరకు. యంత్రము లోపల ఫేజు తీగ యెన్నడైన వదులై ఇనుప డొక్కునకు తగిలినచో, పచ్చతీగ యున్నయెడల విద్యుత్తు ఆ దారిని భూమిలోనికి ఒక్కమారుగా పోవును, ఫ్యూజు కాలును, లేదా మీట పడిపోవును, ఇంటివారికి తెలియును. పచ్చతీగ లేనిచో ఏమియు జరుగదు. పాట మునుపటివలెనే పాడుచుండును. డొక్కు మాత్రము 230 వోల్టులతో, తడిగుడ్డతో నేల తుడుచు చేతి కొరకు, ప్రాకుచు వచ్చు పసివాని చేతి కొరకు వేచియుండును. ఫ్యూజున్నది గదా యని ధైర్యపడరాదు. 6 ఆంపియర్ల ఫ్యూజు అంతకు మించిన విద్యుత్తు పారిననే కాలును. మనుష్యుల రక్షణకై యింట బిగించు ఆర్‌సీసీబీ యను మీటకు 30 మిల్లీ ఆంపియర్లను హద్దుగా నుంచిరి. అనగా, ఫ్యూజునకు చీమకుట్టినట్లైనను లేని విద్యుత్తు మనుష్యుని గుండెను నిలుపగలదు. రెంటి నడుమ రెండువందల రెట్ల భేదమున్నది. పైగా పాటతీగల పైతొడుగులన్నియు ఒకదానికొకటి కలిసియుండును గనుక, ఆంప్లిఫయరులోని దోషము టీవీ డొక్కులోనికి, డిష్షు తీగలోనికి గూడ ప్రాకగలదు. మన ప్లగ్గులలో ఎర్తు పుల్ల తక్కిన రెంటికంటె లావుగను పొడుగుగను ఉండుట మీరు చూచియే యుందురు. లోపలికి పోవునప్పుడు ముందుగా తగులుటకు, బయటికి వచ్చునప్పుడు చివర విడుచుటకు దానిని అట్లు చేసిరి.

ఇక రొదను న్యాయమైన దారిని వెదకుదము. మొదట యంత్రమునకు దగ్గరగా చెవి యొగ్గి వినుడు. రొద స్పీకరు నుండి గాక పెట్టె నుండియే వచ్చుచున్నచో అది లోపలి ట్రాన్స్‌ఫార్మరు వణకుట. దానికిని పాటతీగలకును సంబంధము లేదు. స్పీకరు నుండియే యైనచో, శబ్దమును తగ్గించి పెంచి చూడుడు. దానితోపాటు రొదయు తగ్గి పెరిగెనేని దోషము టీవీ, కేబుల్ పెట్టె, వాటి తీగలు, ఈ వైపున నున్నది. ఎంత తగ్గించినను రొద మారనిచో ఆంప్లిఫయరులోనో, సబ్‌వూఫరులోనో, ఆ రెంటి నడుమ తీగలోనో యున్నది.

తరువాత అన్నిటిని ఆపి, ఆంప్లిఫయరునకు వచ్చు పాటతీగలన్నిటిని ఊడదీసి, దానిని మాత్రము నడుపుడు. నిశ్శబ్దమైనచో, మరల ఆపి ఒక్కొక్క తీగను కలుపుచు వినుడు. ఏ తీగతో రొద వచ్చునో అదియే దొంగ. టీవీ తీగయని తేలినచో, గోడ నుండి టీవీకో పెట్టెకో వచ్చు కేబుల్ తీగను త్రిప్పి తీసి చూడుడు. వెంటనే రొద నిలిచెనా, మేము పైన చెప్పిన చెరువుల కథయే మీ యింటను జరుగుచున్నది. సబ్‌వూఫరుకు వేరు ప్లగ్గు ఉండును గనుక దానినిగూడ ఇట్లే, పాటతీగ తీసి వేరుగా పరీక్షింపవలెను. అనేక పర్యాయములు ఇంత శ్రమయు అక్కరలేక, ఎర్రతెల్ల పిన్నుల తీగయొకటి కొనయందు వదులై, పైతొడుగు తెగియుండుట కనబడును. అట్టి తీగ చేయు రొద మిక్కిలి పెద్దది; క్రొత్త తీగ వేయగనే పోవును.

చెరువుల కథ కుదిరినయెడల మందులును సులభములే. టీవీ, కేబుల్ పెట్టె, ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు, అన్నిటి ప్లగ్గులను సరియైన ఎర్తు గల ఒకే బోర్డు మీద పెట్టుడు. ఒకటి ఈ గోడకును మరియొకటి ఆ గోడకును పెట్టుటయే సగము రొదలకు మూలము. టీవీ నుండి ఆంప్లిఫయరునకు ఆప్టికల్ తీగ వేయుటకు రంధ్రమున్నచో దానిని వాడుట మా మతమున అన్నిటికంటె మేలు. అందులో పోవునది వెలుతురేగాని విద్యుత్తు గాదు, కాలువ తానై తెగిపోవును, ప్రాణరక్షణ చేయు పచ్చతీగకు భంగము లేదు. హెచ్‌డీఎంఐ తీగలో ఈ సుగుణము లేదు. దానికిని లోహపు తొడుగున్నది. కేబుల్ తీగ నడుమ బిగించు ఐసొలేటరు అను చిన్న బిళ్ళయు దొరకును. అయితే పైకప్పు మీది డిష్షు గలవారు దీనిని కొనరాదు. డిష్షు తలకు కావలసిన విద్యుత్తు ఆ తీగ వెంటనే పైకి పోవలెను గనుక, బిళ్ళ దానిని అడ్డగించి బొమ్మయే రాకుండ చేయగలదు. అట్టివారు డిష్షు తీగ తొడుగును ఇంటి ఎర్తునకే కలిపించుకొనవలెను. పాటతీగలను కరెంటు తీగలతో కలిపి ఒకే కట్టగా చుట్టి సోఫా వెనుక దాచుటయు తగదు. చూపునకు ఇంపుగా నుండును గాని చెవికి గాదు.

గల్ఫు నుండి వచ్చిన సామానునకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నవి. అక్కడి ప్లగ్గు పుల్లలు చదరములు, మన సాకెట్టు రంధ్రములు గుండ్రములు. నడుమ పెట్టు చౌక అడాప్టరులలో పలువాటికి ఎర్తు పుల్ల యుండనే యుండదు, ఉన్నను లోపల దేనికిని తగులదు. పనివాడెవడును త్రెంపకయే పచ్చతీగ తెగినట్లు! ఇట్టి యంత్రముల ఇనుప డొక్కును తాకినప్పుడు వ్రేళ్ళకు సన్నగా జివ్వుమనును. ఎర్తు అందుట లేదనుటకు అది గుర్తు. అడాప్టరును పారవేసి, మంచి మూడుపుల్లల మన ప్లగ్గును తెలిసినవానిచేత బిగింపించుట ఉత్తమము. రెండవది, దుబాయి, కువాయిటు, కతారు, మస్కటు, బహ్రెయినులలో విద్యుత్తు మనవలె 50 ఊపులదే. సౌదీ అరేబియాలో మాత్రము 60. యంత్రము వెనుక చీటీపై 50, 60 రెండంకెలును ఉన్నచో చింత లేదు. 60 మాత్రమే యున్నచో, దాని ట్రాన్స్‌ఫార్మరు మన విద్యుత్తుతో వేడెక్కి పెట్టెయే గుయ్యనును. ఆ రొదకు తీగలు మార్చి ప్రయోజనము లేదు. చీటీపై వోల్టుల అంకెనుగూడ చూడవలెను.

కరెంటు పోయి ఇన్వర్టరు నడచునప్పుడు మాత్రమే రొద వచ్చు నిండ్లును గలవు. చౌక ఇన్వర్టరు ఇచ్చు విద్యుత్తు అలవలె నున్నగా నుండక మెట్లుమెట్లుగా నుండును. దానితో పంకా గూడ మూల్గును, గమనించుడు. సైన్ వేవ్ ఇన్వర్టరుతో ఈ బాధ యుండదు. పంకా వేగము తగ్గింపగనే గరగర మొదలైనచో దోషము ఆ రెగ్యులేటరుది.

ఎర్తు సంగతి ఇంకొక్క మాట. పాత పెంకుటిండ్లలో గోడమీద మూడు రంధ్రముల సాకెట్టున్నను పై రంధ్రము వెనుక తీగయే యుండదు. కొందరు పనివారు శ్రమ తప్పించుకొనుటకు దానిని న్యూట్రలుకు కలిపి పోవుదురు. ఇది లేకపోవుటకంటె చెడ్డది. స్తంభము నుండి వచ్చు న్యూట్రలు ఎన్నడైన తెగినచో ఇంటిలోని ఇనుప డొక్కులన్నియు నొక్కమారుగా షాకు కొట్టును. ఎర్తు గుంత యున్నచో అది యెక్కడ నున్నదో ఇంటి స్త్రీలకు తెలిసి యుండవలెను. బొగ్గు, ఉప్పు వేసి పాతిన గొట్టము చుట్టు నేల తడిగా నున్నంతకాలమే అది పని చేయును. జగిత్యాల ప్రాంతపు వేసవిలో, ఎండ 45 డిగ్రీలకు ఎక్కినప్పుడు, నేల యెండి నెర్రెలు వారును. అప్పుడు రోజు విడిచి రోజైన రెండు బిందెల నీరు దానిలో పోయుడు.

వీనిలో దేనికిని లొంగక, 100 ఊపుల గరగర రొద తీగలన్నియు తీసినను ఆగనిచో, లోపలి పెద్ద కండెన్సరు ఎండిపోయి యుండవచ్చును. దిగుమతి బల్బుల రేడియోల నాటి నుండి ఉన్న జబ్బే యిది. కండెన్సరు మార్చుట పెద్ద ఖర్చు గాదు గాని, మీరై మూత విప్పవలదు. ప్లగ్గు తీసిన తరువాత గూడ దానిలో విద్యుత్తు కొంతసేపు నిలిచి యుండును. పనివానిని పిలుచునప్పుడు, పెట్టెలోని రొదయా స్పీకరులోనిదా, శబ్దముతో మారునా మారదా, ఏ తీగ తీసిన నాగుచున్నది, ఈ మూడు సంగతులను ముందుగనే చెప్పుడు. పని ముగిసిన పిమ్మట టెస్టరును యంత్రపు ఇనుప డొక్కునకు తగిలించి చూపుమని యడుగుడు. దీపము వెలిగెనేని డబ్బు లెక్కపెట్టక ముందే ప్లగ్గు విప్పించి పచ్చతీగను చూడుడు.