నల్లబల్ల ఒక్కటే చాలదు

పదో తరగతి విద్యార్థి ఆమ్లాలు, క్షారాల పాఠాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. సబ్బు తగిలితే పసుపు మరక ఎందుకు ఎర్రబడుతుందని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. తప్పు పిల్లవాడిది కాదు. అరవై మంది వున్న తరగతిలో మాస్టారు బల్ల మీద చేసే ప్రయోగం వెనక బెంచీలకు కనపడదు.

దీనికి సులువైన మార్గం వుంది. గదిలో నాలుగు చోట్ల బల్లలు వేసి, పిల్లలను నాలుగు జట్లు చేయాలి. ఒకచోట పసుపు కాగితం, సబ్బు నీరు. మరోచోట నిమ్మరసం, వంటసోడా. మూడోచోట పాఠంలోని ప్రశ్నలు వుంచాలి. నాలుగో బల్ల వద్ద మాస్టారు కూర్చుని, వచ్చిన ప్రతి జట్టు సందేహాలూ తీర్చాలి. పది నిమిషాలకోసారి జట్లు బల్లలు మారాలి.

మదనపల్లె సమీపంలోని ఋషి వ్యాలీ సంస్థ ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం జట్లు, కృత్యాల కార్డులతో ఇటువంటి పద్ధతినే రూపొందించింది. దాని ఆధారంగా 2003లో చెన్నై కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలల్లో బోధన మొదలైంది. చిన్నపిల్లలు చేయగలిగినది హైస్కూలు పిల్లలు చేయలేరా?

చిక్కంతా టైంటేబులుతోనే. నలభై అయిదు నిమిషాల పీరియడులో ఇది ఇమడదు. వారానికోసారి రెండు పీరియడ్లు కలపాలి. సిలబస్ వెనకబడుతుందన్న ఉపాధ్యాయుల భయం కాదనలేనిదే. కాని అర్థం కాని సిలబస్ పూర్తయి ఏం లాభం? అయ్యే ఖర్చు నాలుగు నిమ్మకాయలు, చిటికెడు పసుపు. ప్రధానోపాధ్యాయులు ఆలోచించాలి. తల్లిదండ్రులూ బడికి వెళ్లి అడగాలి.