సిలిండరుకూ జాతకం ఉంటుంది

పశువుల సంతలో ఎద్దును కొనేవాడు ముందుగా దాని పళ్ళు చూస్తాడు. అమ్మేవాడు కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి తోలుకొచ్చినా, పళ్ళు అబద్ధం చెప్పవు గదా! పాత సామాను కొనే పట్నవాసులం మాత్రం పైరంగు చూసి మురిసిపోతాం.

మా మైలార్‌దేవ్‌పల్లికి సముద్రం ఎంత దూరమో చెప్పనక్కరలేదు. అయినా మా పక్కవాటా అబ్బాయికి విశాఖపట్నం వెళ్ళొచ్చినప్పటినుంచి నీళ్ళలో మునిగి చేపలను చూసే సరదా పట్టుకుంది. చౌకగా వస్తోందని గాలి సిలిండరూ, ఊపిరి గొట్టాలూ కొనుక్కొచ్చాడు.

"కొత్తదానిలా ఎలా మెరుస్తోందో చూడండి, బాబాయిగారూ!" అన్నాడు.

"మెరుపు రంగుదిరా అబ్బాయ్, వయసు లోహానిది" అన్నాను.

1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు ఈ సాధనాన్ని రూపొందించినప్పుడు నోటికి రెండు లావుపాటి గొట్టాలుండేవి. అలాంటిది దొరికితే అది ముత్తాతల కాలపు సరుకన్నమాట. ముఖానికి పెట్టుకునే అద్దానికి సిలికోను బదులు నల్లరబ్బరు ఉన్నా చాలావరకు పాతదే. కాని ఇవన్నీ ఊహలు. అసలు జాతకం సిలిండరు భుజంమీద చెక్కి ఉంటుంది. అక్కడి తేదీలలో మొదటిది పుట్టినరోజు. తరవాతవి పరీక్షలు పాసైన రోజులు. పరీక్షంటే, సిలిండరును నీటితో నింపి, మామూలుకంటె ఎక్కువ ఒత్తిడి పెట్టి, ఉబ్బినది మళ్ళీ సర్దుకుంటుందా అని చూడడం. అమెరికాలో అయిదేళ్ళకోసారి చేయించాలి. ఎందుకింత పట్టింపంటారా? కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు నూరు రెట్లు అందులో ఉంటుంది మరి!

మావాడి అల్యూమినియం సిలిండరుమీద మొదటి తేదీ 1985, చివరిది 2009. "నీకంటె పెద్దవాడు, 'గారూ' అని పిలు" అన్నాను. ఆ కాలంలో కొన్నిటికి 6351 అనే మిశ్రమలోహం వాడారు. మెడదగ్గర బీటలు తీసి అలాంటివి కొన్ని పేలాయి కూడా. సంగతి వినగానే వాడి ముఖం చిన్నబోయింది.

"పోనీ, ఇంకెవరికైనా అమ్మెయ్యరా, పెట్టిన డబ్బన్నా వస్తుంది" అంది వాళ్ళమ్మ.

"కొనేవాడికీ అమ్మ ఉంటుంది గదమ్మా" అన్నాడు వాడు. మొదటి జీతం డబ్బు మరి! అయినా దాన్ని ఎవరూ మళ్ళీ నింపకుండా పనికిరానిదిగా చేయించే పనిమీదే ఉన్నాడు.

మనకు సముద్రంతో పనిలేదనుకోకండి. మీ వంటింటి గ్యాసు సిలిండరుకూ జాతకముంది. పైన పిడిని మోసే పట్టీల లోపలివైపు ఏ, బి, సి, డి లలో ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి మొదలు మార్చి, బి అంటే ఏప్రిల్ మొదలు జూన్, మిగతావీ అంతే. సి–27 అంటే 2027 సెప్టెంబరులోగా మళ్ళీ పరీక్ష జరగాలని. గడువు దాటినదైతే మొగమాటపడకుండా తిప్పి పంపండి. తెచ్చిన అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి. విసుగు పేలదు గదా!