‘సేవ్’ అయిందంటే అయినట్టేనా?

సి భాష నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలు మొదటిరోజు రాసే ప్రోగ్రామ్ దాదాపు ఒక్కటే... తెర మీద ‘హలో వరల్డ్’ అని చూపించేది. అక్షరాలు కనపడగానే బోలెడు సంబరం! నిజానికి ఆ ప్రోగ్రామ్‌కి తెర మీద చుక్క పెట్టే అధికారం కూడా లేదు. తెరైనా, డిస్కైనా, నెట్‌వర్కైనా... ఏది కావాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌కి అర్జీ పెట్టుకోవాల్సిందే. ఆ అర్జీలే సిస్టమ్ కాల్స్. లైనక్స్‌లో ‘ఎస్‌ట్రేస్’ అనే సాధనం కింద ఇదే ప్రోగ్రామ్‌ని నడిపితే, తెరవెనక అర్జీలన్నీ బారులుతీరి కనిపిస్తాయి.

అర్జీ పెట్టాక కెర్నెల్ జవాబిస్తుంది. పని కాకపోతే ప్రోగ్రామ్‌కి సాధారణంగా మైనస్ 1 అందుతుంది. చిక్కేమిటంటే, ఆ జవాబు చూసి తీరాలని సి పట్టుబట్టదు. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్‌ని అందులో తిరగరాసిన నాటి నుంచీ దాని తీరే అంత... ప్రోగ్రామర్‌కి అన్నీ తెలుసని నమ్మేస్తుంది. (కొత్తతరం రస్ట్ భాషలో జవాబు వదిలేస్తే కంపైలరే హెచ్చరిస్తుంది.) లైనక్స్‌లో ‘డెవ్ ఫుల్’ అని ఓ ఉత్తుత్తి ఫైలుంది. ఏం రాయబోయినా ‘జాగా లేదు’ అంటుంది. హలో వరల్డ్‌ని అందులోకి మళ్లించి చూడండి. ఒక్క అక్షరమూ పడదు, ప్రోగ్రామ్ మాత్రం ‘అంతా సవ్యం’ అని చెప్పి ముగుస్తుంది!

హలో వరల్డ్ కాబట్టి సరిపోయింది. అదే బ్యాంకు ఖాతా అయితే?

ఫైల్లో రాయమని ‘రైట్’ అనే కాల్‌తో అడిగితే కెర్నెల్ సరేనంటుంది. కానీ మామూలుగా అప్పటికప్పుడు డిస్కు మీద రాయదు. ముందు మెమరీలో ఉంచుకుని తీరిగ్గా రాస్తుంది. అందుకు అర నిమిషం దాకా పట్టొచ్చు. ఈలోగా కరెంటు పోయిందా... అంతే సంగతులు! ఉత్తరం డబ్బాలో వేయడం వేరు, చేరిందన్న రసీదు చేతికి రావడం వేరు కదా. ఆ రసీదు కోసం ‘ఎఫ్‌సింక్’ అని విడిగా అడగాలి. రాయడం పూర్తయ్యేదాకా ప్రోగ్రామ్ ఆగాలి. ఆలస్యమని చాలామంది దాని జోలికే పోరు.

జోలికి పోయినవాళ్లకూ ఓసారి గట్టి దెబ్బే తగిలింది. ప్రపంచమంతా వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సిలో రాసిందే. డిస్కు మొరాయించి ఎఫ్‌సింక్ విఫలమైతే, కాసేపాగి మళ్లీ అడిగేది. రెండోసారి ‘అయింది’ అని జవాబొస్తే నమ్మేది. లైనక్స్‌లో అలా నమ్మడానికి వీల్లేదని 2018లో బయటపడింది. మొదటి వైఫల్యంతోనే కెర్నెల్ ఆ సమాచారాన్ని ‘రాయాల్సినవి’ లెక్కలోంచి తీసేయొచ్చు. రెండోసారి రాయాల్సింది ఏమీ లేదు కాబట్టి అయిందంటుంది. సమాచారం మాత్రం గల్లంతు!

2019 ఫిబ్రవరిలో వచ్చిన సవరణతో ఈ పద్ధతి మారింది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైతే చాలు, పోస్ట్‌గ్రెస్ ఇంకోసారి అడగకుండా అక్కడికక్కడే ఆగిపోతుంది. తర్వాత, చిట్టా చూసి ఖాతా తిరగరాసుకునే గుమాస్తాలా, ముందే రాసిపెట్టుకున్న లాగ్ తెరిచి ఆ మార్పులన్నీ మళ్లీ చేసుకుంటూ వస్తుంది.