విషన్‌సర్ ఒడ్డున ఒక రాయి

విషన్‌సర్ ఒడ్డున, నీళ్లకు పదిహేను అడుగుల దూరంలో, అరచేతంత బల్లపరుపు రాయి ఒకటుంది. దాని కింద నేను వాడి దాచిన వెట్ వైప్స్ రెండున్నాయి. ఇంకా ఉండే ఉంటాయి. చూడ్డానికి గుడ్డలా ఉన్నా చాలా రకాల్లో ఉండేది పాలిస్టరే, అంటే ప్లాస్టిక్కే. ఏడాదిలో సగానికి పైగా మంచు కప్పేసే ఆ నేలలో కాగితమే త్వరగా కుళ్లదు.

కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కి హైదరాబాద్ నుంచి పద్నాలుగు మందిమి వెళ్లాం. సోన్‌మార్గ్ దగ్గర ఎక్కి విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగబల్ మీదుగా నారానాగ్‌లో దిగే దారి. మొదటిరోజే తలా ఒక చెత్తసంచి ఇచ్చారు. ఎవరో పడేసిన చాక్లెట్ కాగితాలు ఏరి అందులో వేశాం, వేస్తూ ఫొటోలు దిగాం. మా చెత్తలో ముట్టుకోవడానికి అసహ్యమనిపించిందంతా రాళ్ల కింద పెట్టాం. ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే తామూ చెప్పాల్సొస్తుందని అందరికీ తెలుసు.

తెలియక చేసుంటే ఇది రాసేదాన్ని కాదు. కాలకృత్యాలకైనా, గిన్నెలు కడగడానికైనా నీటికి 200 అడుగులు ఎడంగా వెళ్లాలని బయల్దేరేముందే చదివాం. మట్టిలో కలిసిపోతుందని రాసున్న సబ్బయినా నేరుగా నీళ్లలో వాడకూడదనీ తెలుసు. అయినా ఆ చలిలో అంతదూరం నడవబుద్ధికాక వాగులోనే నా కంచం తోముకున్నాను. నూనె తెట్టు రంగులు తేలుతూ దిగువకి పోయింది. అక్కడ గొర్రెలు కాచుకునే బకర్వాల్ సంచారుల అమ్మాయి ఒకతె క్యాన్‌లో నీళ్లు పట్టుకుంటోంది. నావైపు చూసింది. ఏమీ అనలేదు. పట్టిన నీళ్లు పారబోసి, నన్ను దాటి ఎగువకి నడిచి, మళ్లీ పట్టుకుంది.

గంగబల్ దగ్గర చేసింది ఇంకా ఘోరం. కశ్మీరీ పండితులు తరతరాలుగా తమవాళ్ల అస్థికలు కలుపుతూ వచ్చిన సరస్సది. మా నాన్న అస్థికలు గోదావరిలో కలిపిన రోజు రేవులో ఒకాయన ఉమ్మితే అతనితో గొడవపడ్డాను. అలాంటి నేను, గంగబల్‌లో మావాళ్లు సాక్సులు ఉతుక్కుంటుంటే పక్కనే కూర్చుని టీ తాగాను.

ట్రెక్ నిర్వాహకులకు డబ్బు కట్టాం, మిగతాది వాళ్లే చూసుకుంటారనుకున్నాం. మా టెంట్లూ వంటసామానూ మోసిన గుర్రాలు మేసింది కూడా బకర్వాళ్ల గొర్రెలు మేయాల్సిన గడ్డేనని ఒక్కరికీ తోచలేదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడి కొండ పచ్చికబయళ్లలో రాత్రి బసను నిషేధించినప్పుడు మేం కోర్టునే తప్పుపట్టాం. అక్కడి రూప్‌కుండ్ ట్రెక్ చేజారిందని బాధపడ్డాం. ఆ పరిస్థితి తెచ్చింది మాలాంటివాళ్లేనని ఒప్పుకోలేదు. ఇంకో కొండ వెతుక్కున్నాం, అంతే.

ఈ జూలైలో ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి సంచిలో పెట్టుకోండి. మీరు వాడిన ప్రతి టిష్యూ, ప్రతి వైపూ అందులో వేసి శ్రీనగర్ దాకా మీరే మోయండి, గుర్రానికి ఎత్తకండి. విషన్‌సర్ ఒడ్డున బల్లపరుపు రాళ్లు కనిపిస్తే ఒకటి రెండు ఎత్తి చూడండి. కింద ఉన్నది మాదే.