కోడ్ చెప్పింది కదా అని ఫేజర్ మార్చేస్తారా?

లాగ్‌లో "డేటాబేస్ టైమవుట్" అని కనపడగానే కొత్త సర్వర్ కొనమనేవాణ్ణి మన ప్రాజెక్టులో ఎన్నాళ్ళు ఉంచుతారు? అదే మనం, కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్ పీ0011 అని చూపించి, "వీవీటీ ఫేజర్ పోయింది సార్" అనగానే నోరెత్తకుండా కార్డు గీకేస్తాం!

ఇంతకీ పీ0011 చెప్పేదేంటి? ఇన్‌టేక్ కామ్‌షాఫ్ట్ ఉండాల్సిన కోణం కన్నా ముందుకి జరిగి ఉందని. ఎందుకు జరిగిందో దానికి తెలీదు. పీ0010 అయితే సోలినాయిడ్ కరెంటు సర్క్యూట్ సంగతి. పీ0016 ఇంకా వేరు: క్రాంక్‌కీ కామ్‌కీ లెక్క కుదరట్లేదని, అక్కడ చైన్ సాగిందేమో చూడాలి. మూడిటికీ ఒకటే మందు రాస్తే అది వైద్యమా, వ్యాపారమా?

చాలా కార్లలో వీవీటీని కదిపేది ఇంజిన్ ఆయిలే. కంప్యూటర్ సిగ్నల్ ఇస్తే సోలినాయిడ్ వాల్వు ఆయిల్‌ని ఫేజర్‌లోకి వదుల్తుంది, ఆ ఒత్తిడికి కామ్‌షాఫ్ట్ కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి ముందు చూడాల్సింది డిప్‌స్టిక్. ఆయిల్ తగ్గిందా? చిక్కబడిందా? కంపెనీ చెప్పిన గ్రేడేనా? తర్వాత కనెక్టరు, వైర్లు. ఆ తర్వాత సోలినాయిడ్ విప్పి చూడాలి, కాయిల్ రెసిస్టెన్స్ కొలవాలి. చివరగా ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్కానర్‌తో ఆ వాల్వుని పనిచేయించాలి. ఇంజిన్ వణికినా, ఆగిపోయినా ఫేజర్ కదులుతున్నట్టే. ఇవన్నీ అయ్యాకే ఫేజర్ మీద చెయ్యి వెయ్యాలి.

మా చిన్నాయన కారుకి నిజామాబాద్‌లో ఒక వర్క్‌షాపు వాళ్ళు ఇవేవీ చూడకుండానే ఫేజరూ చైనూ కలిపి ఎస్టిమేటు రాసిచ్చారు. నవీపేట్‌లో మెకానిక్ సోలినాయిడ్ విప్పితే దాని చిన్న జల్లెడ నిండా మడ్డి! శుభ్రం చేసి, ఆయిలూ ఫిల్టరూ మార్చాడు. కోడ్ మళ్ళీ రాలేదు. మా నవీపేట్ సంతలో పళ్ళు చూడకుండా మేకని కూడా కొనరు. లక్షలు పోసి కొన్న కారుకి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదా?

"ఊళ్ళో మెకానిక్‌ల దగ్గర స్కానర్లు, మాన్యువళ్ళు ఎక్కడుంటాయండీ?" అంటారు. మరి వాళ్ళకి అందకుండా చేసిందెవరు? విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకి దొరకనివ్వట్లేదని కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకి పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, అది వేరే కథ. తాళం వాళ్ళే వేసి, లోపలికి రాలేని మెకానిక్‌ని చేతకానివాడంటే ఎలా?

అందుకే ఈసారి ఎవరైనా ఫేజర్ మార్చాలంటే ఒక్కటే అడగండి: "కంప్యూటర్ అడిగిన కోణం ఎంత, కామ్‌షాఫ్ట్ ఉన్న కోణం ఎంత? స్క్రీన్ మీద చూపించండి." చూపించలేకపోతే ఎస్టిమేటు మీద సంతకం పెట్టకండి. మన కోడ్‌లో బగ్ అని ఎవరైనా అంటే ముందు ఆధారం అడుగుతాం కదా, ఇక్కడెందుకు మొహమాటం?