ఖాంగీ బడి వారసులారా!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ప్రాథమిక బడులు నడుపుతున్న కరెస్పాండెంట్లారా, ఆ బడుల్లో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులారా, పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులారా! మనమంతా ఒకే ఇంటివాళ్ళం. ఇంటి సంగతి ఇంట్లోనే కూర్చుని తేల్చుకుందాం.

1935లో నాలుగవ ఆంధ్ర మహాసభ జరిగింది ఈ సిరిసిల్లలోనే. మాడపాటి హనుమంతరావు పంతులు అధ్యక్షత వహించారు. ఆనాడు నిజాం రాజ్యంలో ప్రజలు సొంతంగా బడి పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ బడులను ఖాంగీ బడులు అనేవారు. నిబంధనల ఒత్తిడికి అవి ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. అరుగు మీద నలుగురు పిల్లలను కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించే పంతులు కూడా జంకవలసిన కాలం అది. అటువంటి కాలంలోనే, 1928లో, మాడపాటి వారు హైదరాబాదులో తెలుగు ఆడపిల్లల కోసం ఉన్నత పాఠశాల తెరిచారు. నిజాం సర్కారు గుర్తింపు దక్కలేదు. వారు వెనుదిరగలేదు. కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చి నడిపించారు.

బడి పెట్టుకునే హక్కు కోసం పెద్దలు సభలు చేశారు, తీర్మానాలు చేశారు, అర్జీలు పెట్టారు. ఆ హక్కు నేడు మన చేతిలో ఉంది. వీధికొక బడి ఉంది. బడికొక బస్సు ఉంది. ఆ హక్కుతో మనం ఏం చేస్తున్నాం?

ముందుగా ఫీజు ఎక్కడి నుంచి వస్తున్నదో చూద్దాం. మధ్యాహ్నం వేళ కోరుట్లలో బీడీలు చేసే ఏ వాడకట్టుకైనా వెళ్ళండి. గడప దగ్గర ఒడిలో చాట పెట్టుకుని ఒక తల్లి కూర్చుని ఉంటుంది. తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరిస్తుంది. తంబాకు పోస్తుంది. చుడుతుంది. మూతి మలిచి దారం కడుతుంది. లెక్క వెయ్యికి. వెయ్యి చేతికి వస్తేనే కూలి. కట్టలు కట్టి కార్ఖానాలో అప్పజెప్పి వచ్చేసరికి మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. ఆమె పక్కనే బిడ్డ బడి డైరీ ఉంటుంది. అందులో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, ఫీజు బాకీ అంకె.

సిరిసిల్లలో ఆ ఫీజు రాత్రి షిఫ్టు సాంచాల నుంచి, అంటే మరమగ్గాల నుంచి వస్తుంది. జగిత్యాల పల్లెల్లో దుబాయి, మస్కట్ లేబర్ క్యాంపుల నుంచి వస్తుంది. వీడియో కాల్‌లో తప్ప కొడుకు ముఖం చూడని తండ్రి పంపిన పైసలవి. ఇంత పవిత్రమైన ధనం మరొకటి లేదు. దానిని తీసుకున్నవారికి పెద్ద రుణం ఉంది. అది తీర్చుకుందాం.

ఎలా తీర్చాలి? అయిదో తరగతి దాటే ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం రావాలి. తన మాట తాను రాయడం రావాలి. లెక్క భయం లేకుండా చేయడం రావాలి. వార్షికోత్సవం వేదిక మీద ఇంగ్లీషు పద్యం గడగడా అప్పజెప్పిన పిల్లవాడిని ఆ పద్యంలో ఏముందని అడిగి చూడండి. వాడు మౌనంగా నిలబడితే తప్పు వాడిది కాదు. ఇంగ్లీషు నేర్పుదాం, తప్పకుండా నేర్పుదాం. బీడీ కార్మికురాలి బిడ్డకు ఇంగ్లీషు వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇంటి భాషలో ఆలోచన పదునెక్కిన బిడ్డ మరో భాషను తొందరగా పట్టుకుంటుంది. కవి సినారె మన హనుమాజీపేటలో పుట్టారు. చదివింది ఉర్దూ మీడియం. ఊళ్ళో విన్న హరికథలు, జంగం కథలు ఆయనలో తెలుగును పెంచాయి. 1988 జ్ఞానపీఠం ఆ కవికి దక్కింది. మన పిల్లలకు వినడానికి ఏ కథలు మిగిల్చాం? 2018 నాటి రాష్ట్ర చట్టం ప్రతి బడిలోనూ తెలుగు చెప్పాలన్నది. తనిఖీ కోసం పెట్టిన పీరియడ్‌గా దానిని మిగల్చవద్దు. ప్రాణమున్న పాఠంగా చెప్పండి.

పాఠ్యపుస్తకం పక్కన మన నేల అనే పుస్తకం కూడా తెరవండి. జగిత్యాల పోయే దారికి దగ్గరలోనే కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. పదో శతాబ్దంలో జినవల్లభుడు ఆ రాతి మీద తెలుగు కంద పద్యాలు చెక్కించాడు. పిల్లలను తీసుకెళ్ళి ఆ అక్షరాలు చూపించండి. పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానానికి తీసుకెళ్ళండి. అన్నం పళ్ళెంలోకి వచ్చే జగిత్యాల సన్నాలు పుట్టింది అక్కడేనని వాళ్ళకు తెలియాలి. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చే పిల్లలతోనే ఆ మొక్కల ఆకులు, వేళ్ళు గీయించండి. సిరిసిల్లలో ఎక్కాలు నేర్పడానికి సాంచ ఉంది. పడుగులో పోగులెన్ని, గంటకు ఎన్ని మీటర్లు, మీటరుకు ఎంత కూలి? ఈ లెక్క చేసిన బిడ్డ తండ్రి శ్రమను మొదటిసారి అంకెల్లో చూస్తుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చిన తండ్రిని వేరే కళ్ళతో చూస్తుంది. ఇటువంటి పాఠానికి ఖర్చు లేదు. ఓపిక కావాలి.

సంచి బరువు తగ్గించండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కిలోన్నర దాటరాదని 2017లోనే రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. బెత్తం పక్కన పెట్టండి. కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఫీజు కట్టలేదని బిడ్డను తరగతిలో నిలబెట్టడం బెత్తం దెబ్బకు ఏమీ తీసిపోదు. అలా నిలబెట్టే చెయ్యి వెంటనే ఆగాలి. బీడీ కార్మికుల పిల్లలకు ఒకటో తరగతి నుంచే కేంద్ర కార్మిక శాఖ ఉపకార వేతనం ఇస్తుంది. ఆ దరఖాస్తు నింపి పెట్టడం బడి బాధ్యత అనుకోండి. పేద పిల్లలకు నాలుగో వంతు సీట్లు అన్న మాట కూడా అదే విద్యాహక్కు చట్టంలో ఉంది. ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగాలా? మన ధర్మం మనకు తెలియదా?

ఇక ఉపాధ్యాయుల మాట. మన బడులను మోస్తున్నది ఎక్కువగా మన ఆడబిడ్డలు. ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడి చెబుతారు. రాత్రి నోటుబుక్కులు దిద్దుతారు. చాలాచోట్ల వారి జీతం బయటికి చెప్పుకోదగ్గది కాదు. 2021లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు ప్రైవేటు ఉపాధ్యాయులకు ప్రభుత్వం నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. అక్షరం నేర్పే చేతులు బియ్యం కోసం వరుసలో నిలబడ్డాయి. ఆ దృశ్యం మనం మరవకూడదు. ఎండాకాలం సెలవుల్లో వాళ్ళకూ ఆకలి ఉంటుంది. కరెస్పాండెంట్లారా, పన్నెండు నెలల జీతం ఇవ్వండి. తల్లిదండ్రులారా, ఫీజు తగ్గించమని అడిగే ముందు పంతులమ్మకు ఎంత ఇస్తున్నారని అడగండి. అడిగే హక్కు మీకుంది.

రిటైరైన మాస్టర్లు ఊరికి పది మంది ఉన్నారు. వారానికి ఒక గంట వచ్చి కథ చెప్పండి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన సోదరులారా, బిడ్డకు బొమ్మ కొనే డబ్బుతో బడికి నాలుగు కథల పుస్తకాలు కొనండి. పక్కనే ఉన్న సర్కారు బడి పిల్లలకూ మీ లైబ్రరీ తలుపు తెరవండి. వాళ్ళ ఆటస్థలంలో మీ పిల్లలనూ ఆడనివ్వమని అడగండి. వాళ్ళూ మన వాడకట్టు పిల్లలే.

జూన్ 12న బడులు తెరుచుకుంటాయి. దానికి ముందు ఆదివారం ప్రతి బడిలోనూ తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను కూర్చోబెట్టండి. బీడీలు చేసే తల్లులకు వీలైన వేళ పెట్టండి, రాత్రి షిఫ్టు తండ్రులు రాగలిగే వేళ పెట్టండి. డైరీ తెలుగులో రాస్తామని అక్కడే మాట ఇవ్వండి. బడి తెరిచాక మూడో తరగతి పిల్లలందరి చేతా ఒక కొత్త పేజీ చదివించి, చదవలేని వారి పేర్లు రహస్యంగా రాసుకోండి. ఒక్కొక్క పేరు ఒక్కొక్క ఉపాధ్యాయుడికో, పంతులమ్మకో, రిటైరైన మాస్టారికో అప్పగించండి. దసరా సెలవుల లోపు ఆ బిడ్డ చేత ఆ పేజీ చదివించే పూచీ వాళ్ళది. వాళ్ళ వెనక నిలబడే పూచీ మనందరిది.